చెక్క వెనకాల గోడ

మార్నింగ్టన్, ఆస్ట్రేలియా
మంగళవారం, మార్చి 14

నా జెమ్మా తల్లీ,

నిన్న ఫోనులో నేను "వంటిల్లు పగలగొట్టొద్దు" అనలేదు. "నా ఉత్తరం చేరేదాకా పగలగొట్టొద్దు" అన్నాను. రెండింటికీ చాలా తేడా ఉంది. నువ్వు మాత్రం వెంటనే మీ ఆయన హామిష్ వైపు తిరిగి "అమ్మమ్మకి ఆ వంటిల్లంటే ప్రాణం, పాపం" అన్నావు. నాకు చెవుడున్న మాట నిజమే కానీ, "పాపం" అనే మాట మాత్రం ఎంత దూరం నుంచైనా వినిపిస్తుంది.

కనక ముందు అది సరిచేస్తాను. ఆ వంటిల్లంటే నాకు ప్రాణం కాదు, ఏనాడూ కాదు. ఆ ఇల్లు కట్టిన ఫెన్విక్ గారు గొప్ప ఆర్కిటెక్టే, కాదనను. చదునైన కప్పు, నేల నుంచి పైదాకా అద్దాలు, బయటి టీ-ట్రీ చెట్లు నడిచొచ్చి సోఫాలో కూర్చున్నట్టుండే హాలు, అన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆయన జన్మలో ఒక్క బంగాళాదుంప చెక్కు తీసిన మనిషి కాదు. హాల్లో కూర్చుని పేపరు చదివేవాడికి తోటంతా ఇచ్చి, వంట చేసేదాన్ని తీసుకెళ్ళి గోడకి ఎదురుగా నిలబెట్టాడు. నెత్తి మీద జానెడు వెడల్పు అద్దం ఒకటి. మెడ విరుచుకుని చూస్తే అందులో మేఘాలు కనబడేవి. 1956లో, ఇప్పుడు నువ్వుంటున్న ఆ ఇంట్లో దిగాం. పన్నెండేళ్ళు ఆ గోడ మొహం చూస్తూ గిన్నెలు కడిగాను.

ఇప్పుడు నీకు అనుమానం రావాలి. ఆ వంటింట్లో సింకు ఎదురుగా నిలువెత్తు కిటికీ ఉంది కదా, తోటంతా కనబడుతుంది కదా అని. రావాలి మరి. పాత ఇళ్ళ సంఘం వాళ్ళు అచ్చేసిన పుస్తకంలో "1956 నాటి వంటిల్లు, ఎవరి చెయ్యీ పడలేదు" అని రాశారని నువ్వు ఆ పేజీని ఫ్రిజ్ మీద అంటించుకున్నావు. ఫిబ్రవరిలో నువ్వు కూడా నన్ను అడిగావు, "అమ్మమ్మా, వంటింట్లో ఎప్పుడైనా ఏమైనా మార్చారా? ఆస్బెస్టాస్ శాంపిళ్ళు తీసే మనిషి అడుగుతున్నాడు" అని. నేను "లేదమ్మా, కట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది" అన్నాను. ఆ మాట నమ్మి ఆయన చూరు కింద, లాండ్రీ నేలలో గీకి తీసుకెళ్ళాడు. వంటింటి జోలికి పోలేదు.

అది అబద్ధం. ఆ అబద్ధం నా నోట్లో పళ్ళసెట్టులాగ కుదురుకుపోయి ఉంది. ఎవరైనా అడిగితే చాలు, నేను ఆలోచించకుండానే పలుకుతుంది.

1968 జనవరి. నడివేసవి, బడికి సెలవులు. మీ తాతయ్య డెస్ బ్యాంకులో గుమాస్తా అయినా, చేతిలో రంపం ఉంటేనే మనిషిలా ఉండేవాడు. ఒకరోజు టీ కప్పు పట్టుకుని నా వెనకాల నిలబడి, "ఏమంటావు టీచరమ్మా, ఈ గోడ తీసేద్దామా?" అన్నాడు.

"తీసెయ్యి. ఇంకో చలికాలం దీని మొహం చూడలేను."

"ఫెన్విక్ చూస్తే?"

"చూడనీ. వచ్చి కడుగుతాడా గిన్నెలు?"

నవ్వుకున్నాం కానీ భయపడ్డాం కూడా. ఫెన్విక్ గారు రెండు వీధుల అవతలే ఉండేవారు. తాను కట్టిన ఇళ్ళన్నిటికీ ఏడాదికోసారి పిలవకుండా వచ్చి, టీ తాగి, అన్నీ తడిమి చూసి పోయేవారు. పక్కవీధి వాళ్ళు తలుపుకి పసుపు రంగేశారని వాళ్ళతో మాటలు మానేసిన మనిషి. అందుకని డెస్ గోడ మీది చెక్క పలకలు ఒక్కొక్కటీ పగలకుండా ఊడదీసి, వెనక పెన్సిలుతో నంబర్లు వేసి పేర్చాడు. గోడ జరిపి, కిటికీ పెట్టి, మళ్ళీ అవే పలకలు బిగిస్తే ఎవరికీ తెలియదని లెక్క. పలకల వెనక ప్లాస్టర్ బోర్డు చాలన్నాడు. చాలదన్నది నేను.

ఈ వాక్యం రాయడానికి నాకు యాభై అయిదేళ్ళు పట్టింది కాబట్టి ఇంకోసారి రాస్తాను. చాలదన్నది నేను. స్టవ్ వెనక చెక్క ఉంటే ఎప్పటికైనా ప్రమాదం, ఆస్బెస్టాస్ సిమెంటు షీటు వెయ్యి, అది కాలదు, కుళ్ళదు, చెద పట్టదు అన్నాను. నేను రసాయనశాస్త్రం చెప్పేదాన్ని. మా ల్యాబులో బర్నరు మీద పెట్టే తీగ వలకి పూసి ఉండేది అదే. చేత్తో రోజూ ముట్టుకునేదాన్ని. వీధిలో సగం ఇళ్ళకి అవే షీట్లు. అంత తెలిసినదాన్ని చెప్పాను కనక డెస్ మారు మాట్లాడకుండా వెళ్ళి, కారు పైన తాళ్ళతో కట్టి పది షీట్లు తెచ్చాడు.

కారు షెడ్డులో బల్లల మీద పరిచి రంపంతో కోశాడు. షీటు ఊగుతుంటే కోత వంకర పోతోందని మీ అమ్మని పిలిచి దాని మీద కూర్చోమన్నాడు. లినెట్‌కి అప్పుడు ఎనిమిదేళ్ళు నిండి నాలుగు నెలలు. నాన్న తనని పనిలో కలుపుకున్నాడని దాని ఆనందం అంతా ఇంతా కాదు. ఉత్తరపు వడగాలి కొడుతోంది. తెల్లటి పొడి దాని కనురెప్పల మీద కూడా పడింది. "చూడమ్మా, నేను ముసలిదాన్నయిపోయా" అని వచ్చి నాకు చూపించింది. సాయంత్రానికి వంటింటి నేలంతా వేలు మందాన పొడి. దానికి ఏడో ఎక్కం రావడం లేదని ఆ సెలవుల్లో నాకొకటే చింత. "ఇదిగో, పలక కూడా అక్కర్లేదు, నేల మీద వేలితో రాయి" అన్నాను. కూర్చుని ఏడేళ్ళ నలభై తొమ్మిది దాకా రాసింది. తప్పు రాసినప్పుడల్లా నోటితో ఉఫ్ అని ఊది చెరిపేది. అలా మూడు సాయంత్రాలు. ఎక్కం వచ్చింది.

ఈస్టరుకి ఫెన్విక్ గారు రానే వచ్చారు. కొత్త కిటికీ ముందు నిలబడి, గోడని గుర్రాన్ని నిమిరినట్టు నిమిరి, "చూశారా మిసెస్ కార్లిల్, కిటికీ ఎక్కడ పెట్టాలో నాకు ముందే తెలుసు" అన్నారు. డెస్ బయటికి పరిగెత్తి తోటలో పడి నవ్వాడు. తర్వాత నలభై ఏళ్ళూ మేము విందులకొచ్చిన వాళ్ళందరికీ ఈ కథే చెప్పి నవ్వించాం. 2009 తర్వాత చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో ఎవరూ అడగలేదు.

ఆ ఏడు మీ అమ్మకి ఏం జరిగిందో నీకు తెలుసు, నీకప్పుడు పందొమ్మిది. నీకు తెలియంది ఒక మధ్యాహ్నం. ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ప్రశ్నల కాగితాలు పట్టుకుని వచ్చింది. ఆస్బెస్టాస్ పొడి పీల్చి ఊపిరితిత్తి పొరకి ఈ కాన్సర్ వచ్చిన వాళ్ళందరినీ అడుగుతారట, ఆ పొడి ఎక్కడ తగిలిందని. లినెట్ ముక్కున గొట్టంతో దిండుకి ఆనుకుని ఉంది. "చిన్నప్పుడు మీరున్న ఇంట్లో మరమ్మతులేమైనా జరిగాయా?" అని ఆ అమ్మాయి అడిగింది. లినెట్ నా వైపు చూసింది. అది నోరు తెరవక ముందే నేను, "రంగులు వేశారంతే" అన్నాను. లినెట్ కాసేపు ఊపిరి తీసుకుని, "అమ్మ చెప్పినట్టే రాసుకోండి" అంది. ఆ పైన ఆ అమ్మాయి లినెట్ పాఠాలు చెప్పిన బడి గురించి అడిగింది. అక్కడ కుట్టుపని గది పాత ఆస్బెస్టాస్ షీట్లతో కట్టిందే. కాగితంలో అది రాసుకుని వెళ్ళిపోయింది.

మిగిలింది నువ్వు చేశావు, నేను చెయ్యనిచ్చాను. ఆ గది మూయించావు. పేపరుకి రాశావు. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ ఫే, మీ అమ్మకి ప్రాణ స్నేహితురాలు, అంత్యక్రియలకి పూలు పట్టుకుని వస్తే చర్చి మెట్ల మీద అడ్డం నిలబడి "మా అమ్మని చంపిన చోటు నుంచి వచ్చి మళ్ళీ పూలా?" అన్నావు. ఆవిడ పూలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది. నేను నీ పక్కనే ఉన్నాను. చేతి తొడుగు గుండీ పెట్టుకుంటున్నాను. ఆ గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

అదే పొడి నేనూ పీల్చాను. చీపురుతో ఊడ్చింది నేనే. డెస్ గుండె ఆగి నిద్రలో పోయాడు, ఏ సంగతీ తెలియకుండా. నాకు ఎనభై ఎనిమిది. ఈ వృద్ధాశ్రమం డాక్టరు నా ఛాతీ ఫొటో వెలుతురులో పెట్టి "పడుచుపిల్ల ఊపిరితిత్తులండీ" అని మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకోలు ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

ఇవన్నీ నాతోనే పోయేవి. కానీ ఆదివారం నువ్వు పంపిన కబురులో, శనివారం గోడలు కొట్టే పార్టీ పెట్టుకున్నామనీ, పిజ్జాలు తెప్పిస్తున్నామనీ, హామిష్ అక్క కూతుళ్ళు కూడా చిన్న సుత్తులు పట్టుకుని వస్తున్నారనీ రాశావు. చిన్నదానికి ఎనిమిదేళ్ళని రాశావు.

అందుకే చెబుతున్నాను. ఏ పలకా ముట్టుకోకు. ఆ శాంపిళ్ళ మనిషిని మళ్ళీ పిలిచి చెక్క వెనకాల చూడమను. శనివారం ఎవరినీ రానివ్వకు. నన్ను ఏమన్నా అను, తర్వాత.

నీ మీద ప్రేమా, నీ ముందు భయమూ రెండూ ఉన్న
అమ్మమ్మ నోలా


బోమారిస్
బుధవారం, మార్చి 22

అమ్మమ్మా,

ప్రేమతో అని మొదలుపెట్టి కొట్టేశాను. రేపటికి మళ్ళీ రాయొచ్చునేమో, ఇవాళ రాయలేను.

పార్టీ రద్దు చేశాను. పిల్లలెవరూ రాలేదు. నువ్వు కంగారు పడింది దాని గురించే కదా, అది జరగలేదు.

కానీ నువ్వు సోమవారం ఫోను చేశావు. నేను ఆదివారమే ఆగలేక, హామిష్ ఇంట్లో లేనప్పుడు, స్టవ్ వెనక రెండు పలకలు ఊడదీశాను. వెనక పెన్సిలుతో 14, 15 అని ఉంది. ఆర్కిటెక్టు మనుషులు 1956లో వేసిన గుర్తులని పొంగిపోయి ఫొటో తీసి పాత ఇళ్ళ సంఘానికి పంపాను. వాళ్ళు తెగ మెచ్చుకున్నారు. తాతయ్య చేతిరాత కూడా గుర్తుపట్టలేదు చూడు. వెనక బూడిద రంగు షీటుంది. ప్లాస్టరే అనుకుని వైరు కోసం డ్రిల్లుతో నాలుగు రంధ్రాలు చేసి, మధ్యలో రంపంతో ఒక చదరం కోశాను. కిందపడిన పొడి చీపురుతో ఊడ్చాను. చెప్పుల్లేకుండా.

తెల్ల సూటు వేసుకున్న మనిషి వచ్చాడు. ఫలితం వచ్చింది. ఉంది. ఒక రకం ఆస్బెస్టాస్ కాదు, రెండు రకాలు. డాక్టరు దగ్గరికి వెళితే, ఒక్కసారి కొద్దిగా పీల్చినంత మాత్రాన భయపడక్కర్లేదు, చాలామందికి ఏమీ కాదు, తారీకు మాత్రం రాసి పెట్టుకో అంది. "ఎప్పటికి తెలుస్తుంది?" అన్నాను. "ముప్పై, నలభై ఏళ్ళు" అని, అలా అన్నందుకు తనే ఇబ్బంది పడి కంప్యూటరు వైపు తిరిగింది. నాకప్పటికి డెబ్బై మూడు. నువ్వు ఫిబ్రవరిలో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఒక్క మాట.

తర్వాత ఫే ఇంటికి వెళ్ళాను. పద్నాలుగేళ్ళ తర్వాత. తలుపు తీసి నన్ను చూసి, "వచ్చావా. లోపలికి రా, కుక్క మొరుగుతుంది కానీ కరవదు" అంది. నేను గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాను. కిటికీ, షీట్లు, నువ్వు ఆ అమ్మాయికి చెప్పింది. ఆవిడ ఆశ్చర్యపోలేదు అమ్మమ్మా. కెటిల్ పెట్టి, "నాకు తెలుసమ్మా" అంది.

అమ్మే చెప్పిందట. ఆ అమ్మాయి కాగితాలు రాసుకుని వెళ్ళిన మర్నాడే. ఫే చెప్పిన మాటలు మరిచిపోకూడదని కారులో కూర్చుని రాసుకున్నాను:

"ఫే, అది మా వంటిల్లే. నాకంతా గుర్తుంది. ఆ పొడిలో ఎక్కాలు రాశాను. అమ్మ మొహం చూశాను నిన్న, అమ్మకీ గుర్తుంది. నాకు గుర్తుందని తెలిస్తే అమ్మ బతకదు. కొన్నాళ్ళు బడి మీదకి పోనిస్తావా?"

"పోనియ్యి, గోడలకేం నొప్పి అన్నాను" అంది ఫే. "అప్పుడు గోడల సంగతే ఆలోచించాను. చర్చి మెట్ల సంగతి ఆలోచించలేదు."

పద్నాలుగేళ్ళు ఆ మనిషి నోరు విప్పలేదు. బజార్లో నేను కనిపిస్తే తనే అవతలి వైపుకి వెళ్ళిపోయేది.

నాకు నీ మీద కోపం ఉంది. అమ్మ మీద కూడా ఉంది, ఇంతవరకు ఎప్పుడూ లేదు. ఫోను చెయ్యకు. ఉత్తరం రాస్తే చదువుతాను.

జెమ్మా


మార్నింగ్టన్
సోమవారం, మార్చి 27

నాతో మాట్లాడకపోయినా నాకు జెమ్మా తల్లివే అయిన జెమ్మా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవకుండా మడిచి పెట్టేశాను, ఎందుకంటే నాలుగోసారి చదివేటప్పటికి నేను నా మీద జాలి పడటం మొదలుపెడతానని తెలిసింది. ఆ వ్యాపకం ఈ ఆశ్రమంలో నా ఇరుగుపొరుగు ముసలమ్మలకి వదిలేశాను, వాళ్ళు నాకంటే బాగా చేస్తారు.

నీ నాలుగు రంధ్రాలకీ నేనే బాధ్యురాలిని. ఇందులో "కానీ" లేదు. నీకేమీ కాకపోవచ్చు. కాకపోతే అది నా మంచితనం వల్ల కాదు. నీకు డెబ్బై మూడు వచ్చినరోజు నన్ను తిట్టడానికి నేనుండను కనక ఇప్పుడే, తీరిక చేసుకుని, వీలైనన్ని వాయిదాల్లో తిట్టు. వింటాను.

లినెట్ మాట. పద్నాలుగేళ్ళూ నేనేమనుకున్నానో చెబుతాను. అది చిన్నప్పటి సంగతి మరిచిపోయిందనుకున్నాను. దానికి తెలియకుండా ఉంచడమే నేను చేసిన మేలనుకున్నాను. మహా తల్లినని మనసులో చిన్న గర్వం కూడా ఉండేది, దాచను. ఇప్పుడు నువ్వు రాసింది చదివాక ఆ మధ్యాహ్నం తారుమారైపోయింది. రెండు మాటలకి మధ్య ఆగి ఊపిరి వెతుక్కుంటున్న పిల్ల, ఉన్న కాస్త ఊపిరినీ "అమ్మ చెప్పినట్టే రాసుకోండి" అనడానికి ఖర్చుపెట్టింది. ఆ గదిలో కాపాడబడింది అది కాదు, నేను. దాని చేత కాపాడించుకుని, ఫే చేత మోయించి, నిన్ను మెట్ల మీద అడ్డం నిలబెట్టి, నేను గుండీ పెట్టుకున్నాను.

దాని మీద కోపం పెట్టుకోకు అని నేను చెప్పను. చెప్పే హక్కు లేదు. కోపం వచ్చినప్పుడు మాత్రం యాభై ఏళ్ళ మనిషిని కోప్పడు, ఎనిమిదేళ్ళదాన్ని కాదు. అది ఏ పాపం ఎరగదు.

ఫేని క్షమించమని నేను అడగబోవడం లేదు. క్షమాపణ అడగడమంటే ఆవిడ నెత్తిన ఇంకో పని పెట్టడమే, ఇప్పటికి చేసిన పని చాలు. జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసి పోస్టు చేశాను, జవాబు అక్కర్లేదని కింద రాశాను. ఆవిడ ఆ పేజీ ఎవరికి చూపించుకున్నా సరే. పేపరువాళ్ళకి కూడా ఒక ప్రతి పంపాను. వేస్తారో లేదో వాళ్ళిష్టం. పాత ఇళ్ళ సంఘానికి కూడా రాశాను, ఆ కిటికీ ఫెన్విక్ గారిది కాదు, కోపంగా ఉన్న ఒక ఇల్లాలిదీ ఒక బ్యాంకు గుమాస్తాదీ అని.

వంటిల్లు నీ ఇష్టం. సూటు వేసుకున్న మనుషులు ఆ షీట్లు తీసి ప్లాస్టిక్‌లో చుట్టి పట్టుకుపోయాక, నువ్వు అక్కడ గోడే కట్టుకుంటావో, కిటికీయే ఉంచుకుంటావో నన్ను అడగకు. పాత ఫొటోలూ నన్ను అడగకు. నాకు ఆ గది కావాలని లేదు. వద్దని కూడా లేదు.

మిగిలింది ఆసుపత్రివాళ్ళ కాగితం. దాని మీద మా వంటిల్లు ఉండాల్సిన గడిలో ఒక బడి ఉంది. ఇలాంటి కాగితాలు లెక్కపెట్టే, ఏ ఇళ్ళలో వెతకాలో మనుషులకి చెబుతారట. మనలాంటి ఇల్లు కొనుక్కుని, చెక్క చూసి మురిసిపోయి, సుత్తి పట్టుకున్న ఇంకో పిల్ల ఎక్కడో ఉంటుంది. ఆ కాగితం మారాలి. వాళ్ళకి ఫోను చేశాను. ప్రమాణపత్రం కావాలట, సాక్షి ముందు సంతకం చేసి పంపాలట. ఈ ఊళ్ళో మందుల షాపాయన సాక్షి సంతకం పెడతాడు.

నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు. ఒక్క పని చెయ్యి. గురువారం పదింపావుకి కారు తీసుకురా. హామిష్ ట్రక్కు వద్దు, నేను ఎక్కలేను. షాపాయన పదకొండు నుంచి టీకాలు వేస్తాడు, ఆ లోపలే అవ్వాలి. నా పాస్‌పోర్టు నీ దగ్గరున్న ఇనుప బీరువాలో పై అరలో గోధుమ రంగు కవర్లో ఉంది, అదీ, దాని జిరాక్సు కాపీలు రెండూ పట్టుకురా. లినెట్ మరణ ధ్రువపత్రం కాపీ ఒకటి. నల్ల సిరా పెన్ను ఒకటి, ఆ షాపులో అన్నీ రంగురంగుల జెల్ పెన్నులే ఉంటాయి. పెద్ద కవరు వద్దు, నా దగ్గరుంది. గేటు దగ్గర హారన్ కొట్టకు, నాకు వినిపించదు. లోపలికి వచ్చి తలుపు కొట్టు.

నిజం చెప్పడం ఈ వయసులో నేర్చుకుంటున్న
నోలా అమ్మమ్మ